మాత్ర వేళ చూసుకుని బ్యాటు పట్టనివ్వండి

ప్రశ్న: మేం తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. మావారికి 64 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మూడేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పారు. రోజుకు మూడుసార్లు మాత్రలు వేసుకుంటున్నారు. చొక్కా గుండీలు నేనే పెడతాను. నలుగురిలో భోంచేస్తే చెయ్యి వణికి అన్నం ఒలుకుతుందని పెళ్లిళ్లకు రావడం కూడా మానేశారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లల కోసం టేబుల్ టెన్నిస్ టేబుల్ వేశారు. ఈమధ్య సాయంత్రాలు అక్కడికెళ్లి నిలబడి చూస్తున్నారు. పోయిన వారం పై ఫ్లోరు పిల్లవాడొకడు బ్యాటు చేతికిచ్చాడు. ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో హాస్టల్లో ఆడేవారట. నా కళ్లముందే వరసగా బంతులు తిప్పికొట్టారు. ఆ కాసేపూ చెయ్యి వణకలేదు. ఇంటికొచ్చాక మాత్రం చొక్కా గుండీ విప్పుకోలేకపోయారు. ఇక రోజూ ఆడతానంటున్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి, పడితే తుంటి విరుగుతుంది, వద్దే వద్దంటున్నాడు. వణికే చేత్తో ఈ వయసులో ఆటలేంటి, చూసినవాళ్లు నవ్వుతారని మా మరిది. మా ఆడపడుచేమో దూలగొండి పొడి పంపి, దీంతోనే తగ్గిపోతుంది, ఆటలూ మాత్రలూ ఎందుకంటోంది. గుండీ పెట్టుకోలేని చెయ్యి బంతినెలా కొట్టింది? ఆడనివ్వాలా, వద్దా? సొంతంగా బ్యాటు కొనిపెట్టమంటున్నారు, కొనాలా?

ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ఆడనివ్వండమ్మా. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది మీరు నింపాదిగా చదువుకుంటారు.

మీ అబ్బాయిది ఉత్త భయం కాదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు పడే ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువ, అది నిజం. కాకపోతే ఆ ప్రమాదం మీరంతా అనుకుంటున్న చోట లేదు. ఫిజియోథెరపీ పనిలో ఈ జబ్బున్నవాళ్ల పక్కన చాలా ఏళ్లు నిలబడ్డాను. టేబుల్ ముందు నిలబడి బంతి కొడుతున్నంతసేపూ వాళ్లు చాలావరకు బాగానే ఉంటారు. కింద పడ్డ బంతి కోసం వంగి లేచినప్పుడు, ఎవరో పిలిస్తే గబుక్కున వెనక్కి తిరిగినప్పుడు, పైకి లేచిన బంతి కోసం వెనక్కి అడుగేసినప్పుడు తూలతారు. ఈ మూడూ మనం ముందే సర్దుకోగలిగినవి. ఎలాగో తర్వాత చెబుతాను. ముందు గుండీ సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది అదేననిపించింది.

మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగం ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా చనిపోతూ ఉంటే వచ్చేదే ఈ జబ్బు. డోపమైన్ తగ్గేకొద్దీ, మనం ధ్యాస పెట్టకుండానే జరిగిపోయే పనులు ముందు కుంటుపడతాయి. గుండీ పెట్టుకోవడం, సంతకం పెట్టడం, నడిచేటప్పుడు చేతులు ఊపడం, మంచం మీద పక్కకు ఒత్తిగిలడం. వీటికి బయటి నుంచి ఎవరూ సైగ చేయరు. లోపలి నుంచే మొదలవ్వాలి. ఆ మొదలుపెట్టే శక్తే వాళ్లకు తగ్గింది.

బంతి సంగతి వేరు. అది ఎదురుగా వస్తుంది. కన్ను దాన్ని చూస్తుంది, టేబుల్ మీద టక్కున పడ్డ చప్పుడు చెవికి అందుతుంది. అలా బయటి నుంచి సైగ అందితే మెదడు దెబ్బతిన్న దారిని వదిలి, కంటిచూపును కదలికతో కలిపే వేరే దారుల్ని వాడుకుంటుంది. ఈ జబ్బులో నడుస్తూ నడుస్తూ గడప దగ్గరో, లిఫ్ట్ తలుపు దగ్గరో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాళ్లుంటారు. వాళ్ల ముందు సుద్దముక్కతో అడ్డంగా నాలుగు గీతలు గీస్తే, ఆ గీతల్ని దాటుకుంటూ చకచకా నడిచేస్తారు. వాకిట్లో ముగ్గు గీతలు దాటుతూ గేటు దాకా వెళ్లిపోయి, ముగ్గు లేని చోట ఆగిపోయిన పెద్దాయన్ని నేను చూశాను. మీవారి చెయ్యి బంతిని కొట్టడంలో జరిగింది కూడా ఇలాంటిదే.

వణుకు సంగతి ఇంకా తేలిక. పార్కిన్సన్స్‌లో వచ్చే వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పటిది. ఒళ్లో పెట్టుకుంటే వణుకుతుంది, ఏదైనా పని మీదికి చాస్తే చాలామందికి తగ్గుతుంది. అందుకే బ్యాటు ఊపుతున్నప్పుడు మీకు కనబడలేదు. ఇందులో మహిమ ఏమీ లేదు, జబ్బు తగ్గిపోయిందనీ కాదు. ఇది మీ ఇంట్లో అందరికీ తెలియాలి. ఎందుకంటే రేపో మాపో ఎవరో ఒకరు, ఆటకైతే చెయ్యి వస్తుంది గానీ గుండీ పెట్టుకోవడానికి రాదా అని అనేస్తారు. ఆ మాట ఆయన చెవిన పడితే బ్యాటు పక్కన పెట్టేస్తారు. మీరే ముందుగా అందరికీ చెప్పి ఉంచండి.

ఆటవల్ల మేలుందా అంటే, ఉందనే చెప్పాలి, కానీ ఎంతవరకో కూడా చెప్పాలి. జపాన్‌లోని ఫుకువోకా విశ్వవిద్యాలయం వాళ్లు సగటున 73 ఏళ్లున్న 12 మంది పార్కిన్సన్స్ రోగులతో వారానికొకసారి, ఐదు గంటల చొప్పున, ఆరు నెలలు టేబుల్ టెన్నిస్ ఆడించారు. ఆ ఫలితాలు 2020లో బయటికొచ్చాయి. మాట, చేతిరాత, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి లేవడం, నడక, ఇవన్నీ మెరుగయ్యాయి. మొదట్లో మంచం మీంచి లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చినవాళ్లు చివరికి ఒక్కసారికే లేవగలిగారు. ఆ పన్నెండు మందిలో ఒకరు పడ్డారు, ఒకరికి నడుం నొప్పి వచ్చింది. చిన్న అధ్యయనం అది. ఆడనివాళ్లతో పోల్చి చూడలేదు. కాబట్టి దాన్ని చూపించి ఆట ఆడితే జబ్బు నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ వ్యాయామం ఈ జబ్బులో మాత్రతో పాటు తప్పక ఉండాల్సిందని న్యూరాలజిస్టులందరూ చెబుతారు. ఒంటరిగా ట్రెడ్‌మిల్ మీద నడవమంటే నాలుగు రోజులకే మానేసేవాళ్లు, ఎదురుగా ఒక మనిషి బంతి పట్టుకుని నిలబడితే రోజూ వస్తారు. నా దృష్టిలో ఈ ఆటకున్న పెద్ద బలం అదే.

క్రొయేషియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నేనాద్ బాఖ్ అనే సంగీతకారుడున్నారు. పార్కిన్సన్స్ వచ్చి గిటారు వాయించలేని స్థితికి చేరారు. టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టాక మళ్లీ వాయించగలిగారు. 2017లో న్యూయార్క్ రాష్ట్రంలో తనలాంటి వాళ్లందర్నీ పోగేసి పింగ్‌పాంగ్ పార్కిన్సన్ అనే సంస్థ పెట్టారు. 2019లో అక్కడే ఈ జబ్బున్నవాళ్లకు ప్రపంచ స్థాయి పోటీలు జరిగాయి. తర్వాత 2021లో బెర్లిన్‌లో, 2022లో క్రొయేషియాలోని పూలాలో ఆడారు. మీ మరిదికి ఈ సంగతి చెప్పండి. వణికే చేతులతో ఆటలేంటని ఆయన అనుకుంటున్న ఆ పనినే, అవే చేతులతో దేశదేశాల నుంచి వచ్చి మరీ చేస్తున్నారని తెలిస్తే మాట తీరు మారొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆటను గడియారాన్ని బట్టి కాదు, మాత్రను బట్టి పెట్టుకోవాలి.

మీవారు వేసుకునేది బహుశా లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర అయి ఉంటుంది. చీటీ మీద చూడండి. అది వేసుకున్న అరగంటకో గంటకో పని మొదలుపెడుతుంది, కొన్ని గంటలు ఉంటుంది, తర్వాత దిగిపోతుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ కొన్ని గంటలు కూడా తగ్గుతూ వస్తాయి. మాత్ర పట్టులో ఉన్నప్పుడు ఒక మనిషి, దిగిపోయాక ఇంకో మనిషి అన్నంత తేడా కనిపిస్తుంది. ఆ రోజు ఆయన ఎన్ని గంటలకు ఆడారో, మధ్యాహ్నం మాత్ర ఎప్పుడు వేసుకున్నారో మీరు రాయలేదు. నా అనుమానం, ఆట మొదలయ్యేటప్పటికి మాత్ర ఇంకా పట్టులోనే ఉంది, ఇంటికొచ్చేసరికి దిగిపోయింది. పైగా అలసట కూడా తోడైంది. గుండీ విప్పుకోలేకపోవడం ఆట వల్ల జరిగిన కీడు కాకపోవచ్చు.

తేల్చుకోవడానికి ఒక వారం పాటు చిన్న నోటుపుస్తకంలో రాయండి. మాత్ర ఎన్నింటికి, చెయ్యి తేలికపడింది ఎన్నింటికి, మళ్లీ బిగుసుకుంది ఎన్నింటికి, భోజనం ఎప్పుడు. వారం చూశాక ఏ వేళ ఆడాలో మీకే తెలిసిపోతుంది. మాత్ర పట్టాక మొదలుపెట్టి, దిగిపోవడానికి ముందే ఇంటికి చేరాలి. ఆ వేళ పొద్దున పది గంటలని తేలితే పొద్దున్నే ఆడాలి, పిల్లలు సాయంత్రమే వస్తారని సాయంత్రం దాకా ఆగకూడదు. ఆట కోసం మాత్ర వేళ మార్చాలనిపిస్తే మాత్రం సొంతంగా మార్చకండి. ఆ నోటుపుస్తకం తీసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. వాళ్లకు పది ప్రశ్నలు అడిగినా దొరకని సమాచారం అందులో ఉంటుంది.

మాత్రకూ తిండికీ కూడా లంకె ఉంది. మాంసకృత్తులు ఎక్కువున్న తిండి లెవోడోపాను ఒంటికి పట్టనివ్వదు. మాత్రను పాలతో మింగడం, పప్పూ పెరుగూ తిన్న వెంటనే వేసుకోవడం, ఇవి మన ఇళ్లలో చాలా మామూలు. వీటివల్ల మాత్ర ఆలస్యంగా పట్టొచ్చు, సరిగ్గా పట్టకపోవచ్చు. తినడానికి అరగంట ముందో, తిన్నాక గంటకో మంచినీళ్లతో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారంగా ఉందంటే ఒక బిస్కెట్టో, కాస్త మరమరాలో చాలు. పప్పు మానేయమనడం లేదు, వేళ మార్చమంటున్నాను. ఐరన్ మాత్రలు వాడుతుంటే అవి కూడా దీంతో కలిపి వేసుకోకూడదు.

కొండకు వెళ్లినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. దర్శనం క్యూలో గంటలు గడుస్తాయి, మాత్రలు లాకర్‌లో సామానుతో ఉండిపోతాయి. తిరుపతిలో ఉంటూ ఇలా మాత్ర తప్పినవాళ్లను చాలామందిని చూశాను. జేబులో రెండు మాత్రలు, మందుల చీటీ ఉండాలి. ఏకాదశి ఉపవాసమని మాత్ర మానకూడదు. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

ఇక సెల్లార్. ఒకసారి మీరే కిందికెళ్లి, ఆయన కళ్లతో చూడండి. నున్నటి టైల్సా, గరుకు నేలా? కార్లు కడిగిన నీళ్లు అటువైపు పారుతున్నాయా? టేబుల్ వెనక స్తంభం ఎంత దూరంలో ఉంది? స్కూటర్ల స్టాండ్లు కాళ్లకు తగిలేలా ఉన్నాయా? టేబుల్ పొడవు 2.74 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటరు పైచిలుకు. ఆయనకు అటూ ఇటూ, వెనకా కనీసం నాలుగైదు అడుగుల ఖాళీ, నేల మీద వైర్లూ పట్టాలూ లేకుండా ఉండాలి. ఇంకో సంగతి చాలామంది చూడరు. ఈ టేబుళ్లకు చక్రాలుంటాయి. తూలినప్పుడు మనిషి మొదట చెయ్యి వేసేది టేబుల్ మీదే. చక్రాలకు లాక్ వేసి లేకపోతే టేబుల్ జరిగిపోతుంది, ఆయన దాంతోపాటే ముందుకు పడతారు. ఆట మొదలుపెట్టే ముందు లాకులు కాలితో తొక్కి చూడమని ఆ పిల్లలకు నేర్పండి.

బంతి రంగు చూడండి. గోడలు తెల్లగా ఉండి బంతి కూడా తెల్లదైతే ఆయనకు సరిగ్గా ఆనదు. ఈ జబ్బులో దగ్గరి రంగుల మధ్య తేడాను పట్టే శక్తి కంటికి తగ్గుతుంది. నారింజ రంగు బంతులు దొరుకుతాయి, అవి తెప్పించండి. సెల్లార్‌లో ఒక్క ట్యూబ్‌లైటే ఉంటే ఇంకొకటి వేయించమని అసోసియేషన్ వాళ్లను అడగండి.

బంతులు ఏరడం ఆయన పని కాకూడదు. ఇదే నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పే మాట. రెండు డజన్ల బంతులు ఒక డబ్బాలో పెట్టి, టేబుల్ పక్కన స్టూలు మీద ఉంచండి. ఒకటి పోతే ఇంకొకటి తీసుకోవాలి. పోయినవాటిని ఆఖరున పిల్లలు ఏరతారు. ఎవరూ లేకపోతే వంగకుండా బంతులు పట్టే గొట్టంలాంటి పరికరం ఆటవస్తువుల దుకాణాల్లో దొరుకుతుంది. వంగి లేచినప్పుడు తూలడానికి కారణం కాళ్లొక్కటే కాదు. ఈ జబ్బులోనూ, ఈ మాత్రలవల్లా నిలబడగానే బీపీ పడిపోవడం ఉంటుంది. ఆయనకు బీపీ మాత్రలు కూడా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. ఈసారి డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చెమటతో ఒంట్లో నీరు పోతే బీపీ మరీ దిగుతుంది. ఆడే ముందు గ్లాసుడు నీళ్లు, మధ్యలో మజ్జిగో మంచినీళ్లో, పక్కనే చేతులున్న కుర్చీ. ఆ కుర్చీ ప్లాస్టిక్‌దైతే గోడకానించి వేయండి.

కాళ్లకు చెప్పులు వద్దు, వదులు చెప్పులు అసలే వద్దు. మడమ దగ్గర పట్టుండే బూట్లు కావాలి. అడుగు మరీ మందంగా, మరీ అతుక్కునేలా ఉండేవి కూడా వద్దు. కాలు ఈడ్చి నడిచేవాళ్లకు అవి నేలకు పట్టుకుని ముందుకు తోస్తాయి. నిలబడేటప్పుడు పాదాలు భుజాలంత వెడల్పుగా, ఎడమకాలు కాస్త ముందుకు. వెనక్కి తిరగాలంటే మడమ మీద గిర్రున తిరగకుండా, చిన్న చిన్న అడుగులతో అర్ధచంద్రాకారంలో నడిచి తిరగాలి. ఇది ఇంట్లో కూడా అలవాటు చేయించండి. వంటింట్లోంచి హాల్లోకి తిరిగేటప్పుడు పడేవాళ్లే ఎక్కువ.

మొదటి రెండు వారాలు పాయింట్లు లెక్కపెట్టొద్దు. ఎదుటి పిల్లవాడు బంతిని నెమ్మదిగా, ఒకే వైపుకు పంపాలి, ఆయన తిప్పికొట్టాలి. పది పదిహేను నిమిషాలు ఆడి కూర్చోవాలి, మళ్లీ ఆడాలి. అలవాటయ్యాక కుడికొకటి, ఎడమకొకటి. సర్వీస్‌లో బంతిని పైకి ఎగరేయాలని నిబంధన ఉంది, ఆ ఎగరేసే చెయ్యి వణికితే బంతి ఎటో పోతుంది. మీ సెల్లార్‌లో అంపైర్లు లేరు కదా. బంతిని టేబుల్ మీద వదిలి, లేచినప్పుడు కొట్టనివ్వండి. కుడిచెయ్యి అలిసినప్పుడు ఎడమచేత్తో కొన్ని కొట్టమనండి, అదీ మంచిదే. అక్కడ నిలబడి చూసే జనం మొదట్లో తక్కువుంటే మేలు. ఎవరైనా చూస్తున్నారన్న టెన్షన్‌తో వణుకు పెరుగుతుంది. ఆడగా ఆడగా అది సర్దుకుంటుంది.

పాయింట్లు మొదలుపెట్టాక స్కోరు ఆయన్నే చెప్పమనండి, గట్టిగా, సెల్లార్ చివర వాచ్‌మన్‌కు వినబడేలా. ఈ జబ్బులో గొంతు సన్నబడిపోతుంది, తనకు మాత్రం మామూలుగానే మాట్లాడుతున్నట్టుంటుంది. ఫోన్‌లో మీ అబ్బాయి "నాన్నా, వినబడటం లేదు" అని రెండేసిసార్లు అడుగుతున్నాడా? అయితే ఈ స్కోరు చెప్పడం వైద్యమే అనుకోండి. బంతి ఆగాకే చెప్పాలి, ఆడుతూ మాట్లాడకూడదు. రెండు పనులు ఒకేసారి పెడితే కాళ్లు తడబడతాయి.

పిల్లలకు ఇంకో మాట చెప్పండి. తాతయ్య గెలవాలని కావాలని ఓడిపోవద్దు. నెమ్మదిగా ఆడటం వేరు, జాలిపడి బంతి వదిలేయడం వేరు. హాస్టల్లో ఆడిన మనిషికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఆడకూడని వాళ్లూ ఉంటారు. ఈమధ్య తరచుగా పడుతున్నా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, గుండెనొప్పి, ఆయాసం ఉన్నా, మతి స్థిమితం తప్పుతున్నా ఆట మొదలుపెట్టే ముందు డాక్టరు చూడాలి. మీ ఉత్తరంలో అవేవీ కనబడలేదు. అయినా ఒకసారి అడగండి. మన తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, ఫిజియోథెరపీ కాలేజీ కూడా ఉంది. ఒక ఫిజియోథెరపిస్టు ఆయన నడకను, తిరగడాన్ని చూసి, ఏ వైపు తూలుతున్నారో చెబితే మీకు ధైర్యంగా ఉంటుంది. నిలబడి ఆడలేని రోజు వస్తే కుర్చీలో కూర్చునీ ఆడొచ్చు.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. ఆడి వచ్చాక కళ్లు తిరుగుతున్నాయనో, వాంతి వస్తోందనో మందుల షాపులో మాత్ర అడిగి తెచ్చుకోకండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికిచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, ఇవి ఈ జబ్బు లక్షణాల్ని పెంచుతాయి. ఈ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసి మందుల డబ్బాలో పెట్టండి. ఏ కారణంతో ఏ ఆసుపత్రికి వెళ్లినా, ముందు పార్కిన్సన్స్ ఉందని చెప్పి ఆ కాగితం చూపించండి.

మీ ఆడపడుచు పంపిన పొడి. ఆమె మంచి మనసుతోనే పంపారు. దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది, కాబట్టి దానికి గుణం లేదని నేననను. చిక్కల్లా ఏమిటంటే, ఆయన వేసుకునే మాత్రలో ఉన్నదీ అదే. మాత్రలో ఎంతుందో చీటీ మీద రాసుంటుంది, చెంచాడు పొడిలో ఎంతుందో ఎవరికీ తెలియదు. రెండూ కలిస్తే మోతాదు పెరిగి వికారం, బీపీ పడిపోవడం, తనకు తెలియకుండానే ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనబడటం రావచ్చు. మాత్ర ఆపేసి పొడి ఒక్కటే వాడటం ఇంకా ప్రమాదం. డాక్టరుకు డబ్బా చూపించి అడిగేదాకా దాన్ని అలమారాలో ఉంచండి. ఆడపడుచుకు డాక్టరునడిగి వాడతామని చెప్పండి, నొచ్చుకోరు.

నలుగురూ నవ్వుతారన్న మాటకొస్తాను. పార్కిన్సన్స్‌లో ముఖం కండరాలు కూడా బిగుస్తాయి. నవ్వొచ్చినా ముఖంలో కనబడదు. చూసేవాళ్లు ఆయన మొహం ముడుచుకున్నారనో, కోపంగా ఉన్నారనో అనుకుంటారు. అలా అనుకుని పలకరించడం తగ్గిస్తారు. వాళ్లు తగ్గించారని ఈయన బయటికి రావడం తగ్గిస్తారు. పెళ్లిళ్లు మానేయడానికి అన్నం ఒలకడంతో పాటు ఇదీ ఒక కారణం కావొచ్చు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా ఈ జబ్బులో భాగంగానే వస్తాయి, మనిషి గుణం మారిపోవడం కాదు. అలాంటి స్థితిలో ఉన్నాయన తనంతట తాను కిందికెళ్లి ఆట చూస్తూ నిలబడ్డారు, ఇచ్చిన బ్యాటు తీసుకున్నారు, రేపు మళ్లీ ఆడతానంటున్నారు. ఈ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. మీ మరిది మాటకు భయపడి దాన్ని ఆపకండి. ఆయన్నే ఒకరోజు ఎదురుగా నిలబడి పది బంతులు ఆడమనండి.

అబ్బాయితో వాదించొద్దు. చక్రాల లాకుల ఫొటో, బంతుల డబ్బా, బూట్లు, డాక్టరు చెప్పిన మాట, ఇవన్నీ వాట్సాప్‌లో పంపండి. దూరంగా ఉన్న పిల్లలకు ఇక్కడేం జరుగుతోందో కనబడదు, అందుకే ముందు వద్దనేస్తారు. ఈసారి వచ్చినప్పుడు సెల్లార్‌లో రెండో ట్యూబ్‌లైటు వేయించే పని అతనికే అప్పగించండి.

మీరు మాత్రం ఆయన పక్కన చేతులు చాచి కాపలా నిలబడకండి. మొదటి వారం కుర్చీ వేసుకుని కూర్చోండి, జాగ్రత్త, జాగ్రత్త అని అరవకుండా. ఆ అరుపుకే తల తిప్పి తూలతారు. తర్వాత ఆ గంట మీది. మూడేళ్లుగా గుండీలు పెడుతున్న మనిషి మీరు. ఆ గంట నడవండి, పడుకోండి, పక్కింటావిడతో మాట్లాడండి. నమ్మకమైన పెద్ద పిల్లవాడొకడు ఆయనతో ఉండి, అవసరమైతే మీకు ఫోన్ చేస్తే చాలు.

బ్యాటు కొనండి. ఖరీదైనది, బంతిని తూటాలా పంపేది వద్దు. ఆల్‌రౌండ్ రకం, స్పాంజి పలచగా ఉండి బంతి అదుపులో ఉండేది అడగండి. పిడి చివర కాస్త వెడల్పుగా ఉంటే చేతిలోంచి జారదు. పట్టు సన్నగా అనిపిస్తే దుకాణంలోనే గ్రిప్ టేపు ఒక చుట్టు చుట్టించండి. ఆయన్ను దుకాణానికి వెంట తీసుకెళ్లండి, మాత్ర పట్టులో ఉన్న వేళ. నాలుగు బ్యాట్లు చేత్తో పట్టుకుని చూసి ఏది కావాలో ఆయనే ఎంచుకోవాలి, డబ్బు కూడా ఆయన చేతికే ఇచ్చి కట్టించండి.